ముద్దు పిల్లలది, చాకిరీ అమ్మదా?



"అమ్మా, ఒక్క కుక్కపిల్లని తెచ్చుకుందామే! దాని పనులన్నీ నేనే చేస్తాగా!" ఈ మాట వినని తల్లి మనలో ఉండదేమో. తెచ్చిన మొదటి వారం పాలు పోయడానికి పిల్లలు పోటీలు పడతారు. నెల తిరిగేసరికి గిన్నె కడగడం, నీళ్లు పెట్టడం, మూలన తడి తుడవడం అన్నీ మన వంతుకే వస్తాయి. అవునా, కాదా?

ఈ చిక్కు ఈనాటిది కాదండీ. మూడు వందల ఏళ్ల కిందటే ఇంగ్లండులో ఒక తల్లి దీనికి చక్కని ఉపాయం ఆలోచించింది. జాన్ లాక్ అనే తత్త్వవేత్త 1693లో పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం వెలువరించాడు. ఆయనకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. కొడుకును ఎలా పెంచాలో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాలే ఆ పుస్తకానికి మూలం. అందులో తాను ఎరిగిన ఒక తల్లిని ఆయన ఎంతో మెచ్చుకున్నాడు.

ఆవిడ కూతుళ్లు కుక్కనో, ఉడుతనో, పిట్టనో అడిగితే కాదనేది కాదట. అయితే ఒక షరతు. తెచ్చుకున్నాక దానికి ఏ లోటూ రాకుండా వాళ్లే చూసుకోవాలి. అశ్రద్ధ చేస్తే అది పెద్ద తప్పు కింద లెక్క. చాలాసార్లు ఆ జంతువు వాళ్ల చేయి దాటిపోయేది. లేదంటే చీవాట్లయినా తప్పేవి కావు. చిన్న ప్రాణులను హింసించి సంతోషించేవాళ్లకు తోటి మనుషుల మీద కూడా జాలి ఉండదని లాక్ హెచ్చరించాడు.

ఆ హెచ్చరికనే 1751లో విలియం హోగార్త్ నాలుగు బొమ్మల్లో చూపించాడు. మొదటి బొమ్మలో టామ్ నీరో అనే కుర్రవాడు కుక్కను చిత్రహింస పెడుతుంటాడు. పెద్దయ్యాక హంతకుడై ఉరికంబం ఎక్కుతాడు. అదే మొదటి బొమ్మలో మరో పిల్లవాడు, కుక్కను విడిచిపెట్టమని తన చేతిలోని తినుబండారం ఇవ్వజూపుతాడు. ఇద్దరూ పిల్లలే, పెంపకంలోనే ఉంది తేడా. 1786లో, పన్నెండు మంది పిల్లల తల్లి సారా ట్రిమ్మర్ ఒక పిట్టల కుటుంబం కథ రాసి, పక్షులనూ జంతువులనూ ఎలా చూడాలో పిల్లలకు బోధించింది.

అంత దూరం ఎందుకు? మన నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. తల్లి సరమ నేరుగా చక్రవర్తి ముందుకే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది.

మా ఇంట్లో మాత్రం నిలదీయడానికి సరమ రాలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం చూద్దును కదా, కుక్క గిన్నెలో చుక్క నీరు లేదు. అది ఖాళీ గిన్నెను నాకుతోంది! నీళ్లు పెట్టవలసిన మా అబ్బాయి పక్కింట్లో క్యారమ్స్ ఆడుతున్నాడు. ముందు నేనే నీళ్లు పెట్టాను. పిల్లవాడికి బుద్ధి రావాలని మూగజీవాన్ని మాడ్చకూడదు కదా! తర్వాత వాణ్ణి పిలిచి, వారం రోజులు కుక్కను షికారుకు తీసుకెళ్లే హక్కు నీకు లేదన్నాను. వాడు ఏడ్చాడు. కానీ మళ్లీ గిన్నె ఎండలేదు.

ఐదేళ్ల బిడ్డ నీళ్లు నింపగలడు. పదేళ్లవాడు గిన్నె కడిగి, ఒళ్లు దువ్వగలడు. టీకాలు, జబ్బు చేస్తే వైద్యం పెద్దల బాధ్యత. రోజూ ఒకసారి మనం చూసుకోవడం మాత్రం మానకూడదు. ఒక్కమాట, ఉడుతలు, పిట్టలు ఆ కాలం ముచ్చట. ఇప్పుడు మన దేశంలో రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం చట్టరీత్యా నేరం.

ఈసారి మీ బాబు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తే వెంటనే సరే అనకండి, కాదనీ అనకండి. "నీళ్లు ఎవరు పెడతారు నాన్నా?" అని అడగండి. జవాబు విన్నాకే కుక్కపిల్లను ఇంటికి తెండి.