సిరోంచ సీమ నేర్పు పాఠము

ప్రాణహితా గోదావరుల సంగమమునకు చేరువ, కాళేశ్వరమునకు ఎదుటి గట్టున నున్నది సిరోంచ. మహారాష్ట్రలో చేరినను అచట ఇంటింట వినవచ్చునది మన తెలుగే. 1860లో అది నిజాము చేతినుండి ఇంగ్లీషువారి వశమైనది. 1878 నాటి అటవీ చట్టము తరువాత అడవి సర్కారు సొత్తయినది. తరతరములుగా దానిని నమ్ముకొన్నవారు వంటచెరకునకు సైతము అనుమతి వేడవలసి వచ్చెను. తనది కాని దానిని కాపాడవలెనని ఎవరి మనస్సునకు తోచును?

1982లో ఏర్పడిన ఈ గడ్చిరోలి జిల్లాకే ఉత్తరమున మేండా-లేఖా అను గోండుల పల్లె గలదు. అచట ఊరంతయు కూర్చుండి, అందరును ఒప్పుకొన్ననే దేనినైనను నిశ్చయింతురు. పండ్లచెట్లు నరుకరాదన్నది వారి కట్టుబాటు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఊరికి హక్కు లభించినది. 2011లో వెదురు అమ్ముకొను అధికారమును వచ్చినది. శిక్షాభయము కన్న, పదిమందిలో తాను ఒప్పుకొన్న మాటయే మనిషికి గట్టి కావలి.

వలస వచ్చిన మనకు ఈ ఊరు పరాయిదని తోచినంత కాలము కుళాయి నీరు వృథాగా పోవుచునే యుండును. ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు కూడినపుడు ఆ సంగతియు అందరము కలిసి ఒకమాట అనుకొందము.