బళ్లారి వీధిబడులు, మన్రో జీతములు

పల్లెబడిలో దేశభాష నేర్పు అయ్యవారికి సర్కారు జీతమీయవలెనా యను ప్రశ్న మన ప్రాంతమున కుంఫిణీ నాటిది. 1822 జూలైలో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాయందును బడులెన్ని, చదువువారెందరు, వానికి మాన్యము లేమైన గలవా యని విచారించి వ్రాయుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. వచ్చిన ప్రత్యుత్తరములలో 1823 ఆగస్టునాటి బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ నివేదిక మిక్కిలి విపులమైనది. 1816లోనే తెలుగు వ్యాకరణము ప్రకటించిన పండితుడగుటచే గాబోలు, ఆయన లెక్కలతో సరిపెట్టక బడి లోపలి తీరును గూడ వర్ణించెను.

ఆ జిల్లాలో 533 బడులు. అందు 235 కన్నడమువి, 226 తెలుగువి, ఇంగ్లీషుది ఒక్కటే. ఉదయము ఆరుగంటలకే బడి కూడును. మొట్టమొదట వచ్చినవాని అరచేత గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న చుట్టుదురు, మూడవవాడు మొదలుగా బెత్తపు దెబ్బ లొక్కటొక్కటే పెరుగుచుండును. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పిమ్మట భారత భాగవత రామాయణములను వల్లించుట, ఇదియే చదువు. పిల్లలకు అర్థము తెలియదని కాంబెల్ ఆక్షేపించెను, ఆక్షేపణ న్యాయమే. చదువుకొను 6,641 మందిలో బాలికలు 60 మందియే యనుటయు, ఆ కాలమును స్వర్ణయుగమనువారు మరువరానిది.

అయితే ఆ నివేదికలో నాకు ముఖ్యముగ దోచునది వేరు. సీమవస్త్రముల రాకతో నేతగాండ్ర బ్రతుకు చితికి, దేశము క్రమముగ దరిద్రమై, తలిదండ్రులు బడిజీత మిచ్చుకొనలేక యెన్నియో గ్రామములలో బడులు మూతపడెననియు, పూర్వ హిందూప్రభువులు విద్యకు దానము లిచ్చిరనియు, ఇప్పుడు సర్కారు ఒక్క బడినైన పోషించుట లేదనియు, ఆ సర్కారు ఉద్యోగియే నిర్మొహమాటముగా వ్రాసెను. భాషకు కొరత లేదు. కొరతయెల్ల అయ్యవారి కూటికే.

మన్రో ఈ మర్మమును గ్రహించెను. 1826 మార్చి 10నాటి తన మినిట్‌లో, ప్రతి కలెక్టరేటునందు హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి, ప్రతి తహసీలునందు ఒకటి చొప్పున బడులు పెట్టి, కలెక్టరేటు ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తహసీలువానికి 9 రూపాయలు ఇచ్చి, పైని పిల్లలిచ్చు జీతమును గూడ వారికే విడువవలెనని సూచించెను. పుస్తకముల ఖర్చుతో గలిపి యావత్తు మద్రాసు రాజధానికిని (ప్రెసిడెన్సీకిని) ఏటికి 48,000 రూపాయలు. మరుసటి యేడు జూలైలో ఆయన దత్తమండలముల సంచారమున పత్తికొండలో విషూచివాత పడి మరణించెను. బడులు కొన్ని నడచెను గాని, 1835లో గవర్నరు జనరలు బెంటింకు ప్రభుత్వము విద్యానిధిని ఇంగ్లీషు చదువునకు మరలింపగా, మరుసటి యేటనే అవి ఎత్తివేయబడెను.

తరువాతి ప్రయత్నము మద్రాసు కచేరీలో గాక గోదావరీతీరమున పుట్టినది. ఆనకట్ట నీటితో పొలములు పండుచున్న 1850 దశకమున, నరసాపురపు సీమలో సబ్‌కలెక్టరు టెయిలరు ప్రోత్సాహముతో రైతులు భూమిశిస్తుతోబాటు బడిపన్ను చెల్లించుట కొడంబడిరి, తెలుగుబడులు వెలసినవి. ఆ పన్నునకు శాసనబలము 1863లో గాని కలుగలేదు.