పొగాకు పదును - మన తీరం నేర్పిన పాఠం

మన సంచికలో ఏటేటా మహనీయుల జీవితాలు, దర్గాల చరిత్రలు చదువుతూనే ఉన్నాము. ఈసారి మన ఇళ్ళలో, మన ఆడవాళ్ళ చేతుల్లో నలిగిన ఒక ఆకు చరిత్ర రాయాలని మాకు అనిపించింది. అది పొగాకు. పిల్లలకు చదువు చెప్పే పంతులు పొగాకు గురించి రాయడమేమిటని పెద్దలు ముక్కున వేలేసుకోవచ్చు. పొగ తాగమని చెప్పే వ్యాసం కాదిది. కందుకూరు, కలిగిరి వైపు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించిన ఆకు ఇదే. ఎన్నో ఇళ్ళలో పెద్దదిక్కును తీసుకుపోయిన ఆకూ ఇదే. దీని సంగతి వదిలేస్తే మన చరిత్ర సగమే అవుతుంది.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద మన పడమటి తీరానికి వచ్చి, అక్కణ్ణించి దక్కనుకు చేరింది. అక్బరు పాదుషా పనిమీద బిజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అక్కడ దీన్ని చూశాడు. 1604 ప్రాంతంలో కొంత పొగాకును, నగిషీలు చెక్కిన ఒక పొగగొట్టాన్ని ఆగ్రాకు తెచ్చి పాదుషా ముందు పెట్టాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. అక్బరు ఒకటి రెండు దమ్ములు లాగాడట. పక్కనున్న హకీము వద్దని అడ్డుపడ్డాడట. హుక్కాను కనిపెట్టింది అక్బరు ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫతహ్ గీలానీ అని మన పెద్దలు చెబుతుంటారు. కానీ ఆయన అసద్ బేగ్ తిరిగి రావడానికి సుమారు పదిహేనేళ్ళ ముందే కన్నుమూశారు. కనుక ఆ మాట నమ్మేముందు కాస్త ఆలోచించాలి. తర్వాత 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. పాదుషా ఫర్మానా నిలవలేదు, పొగాకు నిలిచింది. బీదరులో బిద్రీ పనివాళ్ళు హుక్కా బుడ్లకు వెండి తీగెలు పొదిగే దాకా వచ్చింది వ్యవహారం.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. ఆకు ఒక్కటే గాని, దాన్ని వాడే తీరును బట్టి దానికి కావలసిన తడి మారుతుంది. హుక్కా తంబాకులో బెల్లం కలిపి ముద్దలాగా చేస్తారు. పైన నిప్పు పెడతారు కాబట్టి ఆ తడి ఉండాల్సిందే. చుట్ట చుట్టే ఆకు విరగకుండా వంగేటంత మెత్తగా ఉంటే చాలు. పైపులో వేసే పొగాకు మాత్రం దాదాపు ఆరి ఉండాలి. ఈ లెక్కనే మన రైతులు 'పదును' అంటారు. దుక్కికి పదును ఉన్నట్టే ఆకుకూ పదును ఉంది.

పైపు సంగతి మా ఇంటికి బిట్రగుంట నుంచి వచ్చింది. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద రైల్వే కాలనీ. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు చాలామంది అక్కడ కాపురం ఉండేవారు. మా దాదా అక్కడ ఫైర్‌మన్‌గా బొగ్గు వేశారు. ఒక డ్రైవరు దొర దగ్గర పైపు అలవాటు చేసుకున్నారు. డబ్బా మూత తీసిన పొగాకును తీసినట్టే పైపులో కూరడం ఆయన దృష్టిలో మూర్ఖత్వం. డబ్బాలో ఆకు విరిగిపోకుండా కొంత తడితోనే మూసి పెడతారు. అది అలాగే అంటిస్తే నిప్పు నిలవదు. పదే పదే అగ్గిపుల్ల గీయాలి, గట్టిగా పీల్చాలి. అప్పుడు లోపలి నీరు ఆవిరై నాలుక కాలుస్తుంది, గొట్టంలో గుడగుడమని నీళ్ళు చేరతాయి.

అందుకని దాదా తనకు కావలసిన చిటికెడు తీసి, పాత ఉర్దూ పేపరు మీద పలచగా పరిచి నీడన పెట్టేవారు. ఎండలో పెడితే వాసన పోతుందనేవారు. సన్నగా తరిగిన రకమైతే త్వరగా ఆరుతుంది. పలకలుగా అదిమిన రకమైతే ముందు వేళ్ళతో విడదీయాలి, ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది. వాసనకు, తీపికి ఏవేవో కలిపిన రకాలు ఎంత ఆరబెట్టినా లోపల జిగురుగానే ఉంటాయి. ఎంచుకునేటప్పుడే వాటి జోలికి పోవద్దనేవారు. పరీక్ష కూడా సులువే. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి వదలాలి. ముద్దగా అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. మెల్లగా విచ్చుకుంటే సరి. చిటపటమని పొడి అయితే మరీ ఎండినట్టు. కార్తీకమాసపు ముసురులో మాత్రం మన సముద్రపు గాలి ఏదీ ఆరనివ్వదు. అప్పుడు లాంతరు పక్కన పెట్టుకుని కూర్చునేవారు.

ఇక ఆకు తయారయ్యే చోటికి పోదాము. 1912లో గుంటూరులో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడిన తర్వాత వర్జీనియా రకం మన జిల్లాల్లో వేళ్ళూనింది. దీన్ని బ్యారన్‌లో కాల్చి ఆరబెడతారు. ఈ పద్ధతి పుట్టుక కూడా వినదగినదే. 1839లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస రాత్రి కాపలాలో నిద్రపోయాడట. నిప్పు ఆరిపోతుండగా లేచి, కొలిమి బొగ్గులు తెచ్చి వేశాడట. ఆ వేడికి ఆకు బంగారు రంగు తిరిగిందని చెబుతారు. లాభం యజమానులది. ఆ మనిషికి చరిత్రలో మిగిలిన ఇంటిపేరు కూడా యజమానిదే.

మన వైపు బ్యారన్ కూడా రాత్రి కాపలా పనే. పచ్చి ఆకులో ఎక్కువ భాగం నీరే. కర్రలకు అల్లి లోపల వేలాడదీసి, సుమారు 35 డిగ్రీల వేడితో మొదలుపెట్టి, పసుపు తిరిగాక మెల్లమెల్లగా పెంచుతూ, చివర ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకుపోతారు. ఐదారు రోజుల పని. తొందరపడితే ఆకు నల్లబడుతుంది. దిగేటప్పటికి ఆకు అప్పడంలా ఉంటుంది, ముట్టుకుంటే పొడి. అందుకే తలుపులు తీసి రాత్రి మంచు తగలనిస్తారు. తెల్లవారుజామున ఆకు మెత్తబడాలి, మొదట్లో ఈనె మాత్రం పుటుక్కున విరగాలి. ఆ సమయం చెప్పేది గడియారం కాదు, మా దాదీమా చెవి. ఈనె విరిచి చప్పుడు విని 'అబ్ ఉతారో' అనేది. అంతవరకూ ఎవరూ కర్ర దించేవారు కారు.

1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. 1985లో మన రాష్ట్రంలో వేలం పాటలు మొదలయ్యాయి. 1970లో ప్రకాశం జిల్లాకు పోయిన కందుకూరు 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాకు వచ్చింది. జిల్లాలు మారినా బేళ్ళలో తడి తగాదా మారలేదు. ఎందుకంటే తడికి బరువుంది, బరువుకు డబ్బుంది.

మేము ఏడో తరగతి చదివే రోజుల్లో మా అబ్బా ఆ ఆశకు లొంగారు. పదును ఎక్కువైన ఆకును లోపల పెట్టి, ఆరిన ఆకును పైన పేర్చి బేళ్ళు కట్టారు. దాదీమా వద్దన్నా వినలేదు. వేలంలో ఒకాయన బేలు లోపలికి చెయ్యి పోనిచ్చి, వేడెక్కిన ఆకు ఒకటి బయటికి లాగి, మాట్లాడకుండా ముందుకు సాగిపోయాడు. ఆ బేళ్ళకు పాటే లేదు. ఇంటికి తెచ్చి విప్పితే లోపల బూజు. అబ్బా వాన మీద తప్పు వేశారు.

దాదీమా కోప్పడలేదు. మదీనా బజారు సంగతి చెప్పింది. హజ్రత్ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే వేళ్ళకు తడి తగిలిందట. అడిగితే ఆ వర్తకుడూ వాన పడిందనే అన్నాడట. అలాగైతే తడిసినది జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీసి, మోసగాడు మనవాడు కాదన్నారట. దాదీమా అంతే చెప్పి, బూజు పట్టిన ఆకు వేరు చేయడానికి కూర్చుంది. అబ్బా కూడా పక్కన కూర్చున్నారు. పది రోజులు ఆరబెట్టి, మిగిలినది తక్కువ ధరకు అమ్మారు. ఆ ఏడు మా అక్క చదువు ఆగిపోయింది. ఆ బాకీ మా ఇంట్లో ఇంకా తీరలేదు.

దాచిన తడి ఒక్క బేలులోనే లేదు. పొగాకు నోటికి, ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుందని ఇప్పుడు ప్రపంచమంతా ఎరుగును. ఎంత బాగా ఆరబెట్టి పైపులో వేసినా ఆ ప్రమాదం ఆరిపోదు. పొగ గుండెలోకి పోదు, నోట్లోనే ఉంటుంది అని దాదా ధీమాగా అనేవారు. చివరికి ఆయన గొంతే పోయింది. పచ్చి ఆకు అల్లిన ఆడవాళ్ళకు తడి ఆకు రసం చర్మంలోకి దిగి వాంతులు, తల తిరుగుడు వచ్చేవి. దాన్ని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించేవాళ్ళము.

కనుక మా మనవి రెండే మాటలు. పొగ మానండి, పిల్లల ముందు అసలే వద్దు. రెండోది, మీ ఇంట్లో బ్యారన్ కాసిన తాతను, ఆకు అల్లిన నానీని కూర్చోబెట్టి పేరు, ఊరు, చేసిన పని ఒక నోటుబుక్కులో రాయించండి. స్టీఫెన్‌కు ఒక్క పేరైనా మిగిలింది. మన దాదీమాలకు అదీ మిగలదేమోనని మా భయం.