స్క్లీరోడెర్మా - ఊపిరితిత్తులకు ముప్పు

గాయం మానేటప్పుడు కొల్లాజెన్ అనే మాంసకృత్తు నారలుగా ఏర్పడి, తెగిన భాగాన్ని అతుకుతుంది. గాయం మానగానే ఈ పని ఆగిపోవాలి. అట్లా ఆగక, పైకి ఏ గాయమూ లేకుండానే ఆ నారలు పేరుకొనిపోతూ ఉంటే చర్మం బిగుసుకుంటుంది; వ్రేళ్లు ముడుచుకొనిపోతాయి; నోరు బాగా తెరవడం కూడ కష్టమవుతుంది. ఈ వ్యాధికి స్క్లీరోడెర్మా అని పేరు. గ్రీకు భాషలో ‘స్క్లీరోస్’ అనగా గట్టిది, ‘డెర్మా’ అనగా చర్మం. పేరులో ఉన్నది చర్మమే అయినా, నేడు ఈ రోగుల ప్రాణాలకు ఎక్కువగా ముప్పు తెచ్చేది ఊపిరితిత్తుల జబ్బు. ఆ ముప్పు ఎవరికి ఎక్కువో గుర్తించడానికి వైద్యశాస్త్రానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

ఇటలీలోని నేపుల్స్ నగరంలో కార్లో కుర్జియో అనే వైద్యుడు 1753లో ఒక 17 ఏండ్ల యువతి కథ ప్రకటించాడు. ఆమె చర్మం చెక్కవలె గట్టిపడింది. ఈ వ్యాధిని గురించిన తొలి వర్ణనగా దీనిని సాధారణంగా చెబుతారు. ఐతే ఆమె కోలుకున్నది కాబట్టి, అది వేరే జబ్బై ఉండవచ్చునని తరువాతివారు కొందరు సందేహించారు. ఫ్రాన్సులో ఎలీ జింత్రాక్ 1847లో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. పేరుతోబాటే ఇది చర్మానికి సంబంధించిన జబ్బు అనే అభిప్రాయమూ పాతుకొనిపోయింది. ఇది శరీరమంతటికీ వ్యాపించే వ్యాధి అని చాటుతూ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో రాబర్ట్ గోయెట్జ్ 1945లో కొత్త పేరు సూచించవలసి వచ్చింది.

ఈలోగా మరొక జాడ దొరికింది. ఎడింబరోలో బైరం బ్రామ్‌వెల్ 1914లో తాను చూచిన 9 మంది రోగుల సంగతి వ్రాశాడు. వారిలో 5గురు రాళ్లు చెక్కే పనివారు! మామూలుగా ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వస్తుంది. అటువంటిది పురుషులు చేసే ఒకే వృత్తిలో ఇంతమంది ఎందుకుండాలి? 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారుగనుల పనివారిని పరీక్షించి, వారిలోను ఈ వ్యాధిని, దానితో ఊపిరితిత్తుల చెరుపును వర్ణించాడు. రెండు చోట్లా ఉన్నది రాతిదుమ్ము. అందులోని సిలికా రేణువులు మిక్కిలి సన్నవి. అవి ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల వరకు పోతాయి. వాటిని మ్రింగిన రక్షకకణాలు వాటిని అరిగించుకోలేక చచ్చిపోతూ, చుట్టూ వాపును రేపుతాయి. సిలికా దుమ్ము ఈ వ్యాధికి దారితీసే కారణాలలో ఒకటని నేడు అంగీకరిస్తున్నారు.

ఐనా చాలాకాలం వైద్యుల భయమంతా మూత్రపిండాలను గురించే. రక్తపు పోటు ఒక్కసారిగా పెరిగి, మూత్రపిండాలు పాడై, రోగి కొద్ది వారాలలోనే మరణించేవాడు. 1970 దశకం చివర వాడుకలోకి వచ్చిన కాప్టోప్రిల్ వర్గపు మందులు ఈ పరిస్థితిని మార్చివేశాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1972 నుండి 2002 వరకు జరిగిన పరిశీలనలో, ఈ వ్యాధి మూలంగా సంభవించిన మరణాలలో మూత్రపిండాల వాటా 42 శాతం నుండి 6 శాతానికి తగ్గింది. ఊపిరితిత్తులు గట్టిపడుటవలన సంభవించినవి 6 శాతం నుండి 33 శాతానికి పెరిగాయి. ఒక శత్రువును జయించగానే దాని వెనుక దాగిన మరొక శత్రువు కంటబడిందన్నమాట.

ముందుగా హెచ్చరించే గుర్తులు రక్తంలో దొరికాయి. ఈ రోగుల శరీరం తన కణాల లోపలి భాగాలపైననే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. 1979లో ‘ఎస్‌సీఎల్-70’ అనే పదార్థాన్ని ఎదిరించే ప్రతిరక్షకాన్ని వేరుపరచి వర్ణించారు. ఆ పదార్థం డీఎన్ఏ మెలికలను విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైము అని 1986లో తేలింది. 1980లో క్రోమోసోముల నడికట్టు అయిన సెంట్రోమియర్‌ను ఎదిరించే ప్రతిరక్షకం బయటపడింది. 1988లో లెరాయ్ మొదలైనవారు రోగులను రెండు వర్గాలుగా విభజించారు: చర్మం విస్తారంగా గట్టిపడేవారు ఒక వర్గం, ముఖం, చేతులు, పాదాల వద్దనే గట్టిపడేవారు రెండవ వర్గం.

దీనితో ఊపిరితిత్తులకు వచ్చే ముప్పులు రెండనీ, వాటి దారులు వేరనీ స్పష్టమైంది. మొదటిది ఊపిరితిత్తుల కణజాలమే మచ్చకట్టి గట్టిపడడం. టోపోఐసోమరేజ్ ప్రతిరక్షకం ఉన్నవారికి, చర్మం విస్తారంగా గట్టిపడినవారికి, పురుషులకు, ఆఫ్రికా సంతతివారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. వ్యాధి మొదలైన తొలి నాలుగైదు ఏండ్లలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. రెండవది ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇరుకై, వాటిలో పోటు పెరిగి, గుండె అలసిపోవడం. ఇది సెంట్రోమియర్ ప్రతిరక్షకం ఉండి, చాలా ఏండ్లుగా స్వల్పవ్యాధితో ఉన్నవారిలో తరచు కనబడుతుంది. ముఖం మీద, చేతుల మీద సన్నని ఎర్రని రక్తనాళాల మచ్చలు ఎక్కువగా ఉండడం దీనికొక గుర్తు. చర్మం కొద్దిగానే గట్టిపడినదని నిశ్చింతగా ఉన్న రోగికి సైతం ఈ ప్రమాదం తప్పలేదు.

ఆయాసం కనబడేనాటికే నష్టం చాలవరకు జరిగిపోయి ఉంటుంది. అందుచేత ముందే పరీక్షించాలి. జాన్ హచిన్సన్ 1846లో లండనులో వర్ణించిన స్పైరోమీటరు, రోగి ఒక్క ఊపిరిలో ఎంత గాలి వదలగలడో కొలుస్తుంది. సీటీ చిత్రం సన్నని మచ్చలను చూపుతుంది. గాలి నుండి రక్తంలోనికి వాయువు ఎంత సులువుగా చేరుతున్నదో కొలిచే పరీక్ష, ఎకో పరీక్ష రక్తనాళాల పోటును పసిగట్టడానికి తోడ్పడతాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఊపిరితిత్తుల క్షీణతను కొంత తగ్గించగలదని 2006లో ఒక పరిశోధన చూపింది. 2016లో మైకోఫినోలేట్, 2019లో నింటెడానిబ్ ప్రయోజనం తేలింది. ఐతే ఈ మందులు చెరుపును నెమ్మదింపజేస్తాయే గాని, గట్టిపడిన ఊపిరితిత్తిని మరల పూర్వపు స్థితికి తేలేవు. కాబట్టి ఎంత త్వరగా కనిపెడితే అంత మేలు.

చలికి వ్రేళ్లు తెల్లబడి, పిమ్మట నీలివర్ణానికి తిరగడం ఈ వ్యాధికి తరచు తొలి సూచన. ఈ లక్షణాన్ని మోరీస్ రేనో 1862లో పారిస్‌లో వర్ణించాడు. అది ఉన్న ప్రతివారికీ స్క్లీరోడెర్మా ఉన్నట్లు కాదు. కాని దానితోబాటు వ్రేళ్లు ఉబ్బి, చర్మం బిగుసుకొంటున్నప్పుడు వైద్యునికి చూపించుకొనడం అవసరం. వ్యాధి నిర్ధారణ అయిన తరువాత మాత్రం ఒక సంగతి మరువరాదు: చర్మం మెత్తగా ఉన్నదని ఊపిరితిత్తులు క్షేమమని అనుకోరాదు, వాటి క్షేమం వాటిని పరీక్షిస్తేనే తెలుస్తుంది.