సమాధుల తోట

మన ఊళ్లలో క్రైస్తవులను పూడ్చే చోటును ‘సమాధుల తోట’ అంటారు. పేరుకు తోటే గాని, చాలాచోట్ల తుమ్మచెట్లు, పిచ్చిగడ్డే కనిపిస్తాయి. ఆ మాట అక్షరాలా నిజమైన చోటు అమెరికాలో, బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో ఉంది. దాని పేరు మౌంట్ ఆబర్న్.

చర్చిల చుట్టూ కిక్కిరిసిన సమాధులు ఆరోగ్యానికి చేటని భావించిన డాక్టర్ జేకబ్ బిగెలో చొరవతో, మసాచుసెట్స్ ఉద్యానసంఘం 1831లో దీన్ని నెలకొల్పింది. ఇప్పుడది సుమారు 175 ఎకరాలు. దారుల్లో చాలావాటికి చెట్ల పేర్లు, పూల పేర్లే. తీరిగ్గా నడిస్తే హాల్సియన్ చెరువు గట్టు, విల్లో కుంట, దట్టమైన చెట్ల నడుమ ఓ పల్లం వస్తాయి. కవి లాంగ్‌ఫెలో సమాధి ఇక్కడే.

అంతకుముందు అక్కడివాళ్లు ఇలాంటి చోటును ‘పాతిపెట్టే నేల’ అనేవారు. దీనికి మాత్రం ‘సెమెట్రీ’ అనే మాట ఎంచుకున్నారు. దాని మూలమైన గ్రీకు మాట ‘కోయ్‌మెటేరియన్’కు నిద్రపోయే చోటు అని అర్థం. మన ‘శ్మశానం’ సంగతీ అంతే. ‘శ్మ’ అంటే శరీరమనీ, అది శయనించే చోటే శ్మశానమనీ యాస్కుడు నిరుక్తంలో చెప్పాడు. ఇక ‘వల్లకాడు’లోని ‘కాడు’కు అడవి అనీ అర్థముంది.

నిద్ర, అడవి రెండూ మన మాటల్లో ముందే ఉన్నాయి. తోట మాత్రం మనమే వేసుకోవాలి.