తలకట్టు

తలకు చుట్టుకునే గుడ్డకూ, అక్షరం నెత్తిమీది గీతకూ మనకు ఒకటే మాట. పట్టిసీమ అని రాసి చూస్తే ఆ గీత పని తెలుస్తుంది. ‘ప’కూ ‘మ’కూ తలకట్టు ఉంది, ‘సీ’లో గుడిదీర్ఘం దాన్ని తోసేసి ఆ చోట కూర్చుంది. కాబట్టి అది సింగారం కాదు, అకారానికి గుర్తు. మరి ‘ట’కు తలకట్టే లేదు, ఖ, జ, ణ, బ, లలకూ లేదు, వాటి అకారం ఎక్కడుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్రాహ్మీలో అకారం హల్లులోనే ఇమిడి ఉండేది, విడిగా గుర్తు లేదు. పైగీత తర్వాతి రాతల్లో వచ్చి చేరింది. వ్యాకరణం దానికి ఉద్యోగం ఇచ్చింది. కన్నడ ‘క’ పక్కన మన ‘క’ పెడితే తేడా ముఖ్యంగా తలలోనే కనబడుతుంది.

యూనికోడ్‌లో 1991లోనే తెలుగు చేరింది, ఇక అందమైన చేతిరాత దేనికని కొందరి వాదం. యూనికోడ్ కాపాడేది అక్షరాన్ని, దాని ఆకారాన్ని కాదు. తలకట్టుకు అందులో విడిగా సంఖ్యే లేదు! అది నిటారుగా లేవాలా, వాలాలా అన్నది ఫాంటు గీసినవారి చెయ్యి తేల్చాలి. నేపాల్‌లో నేవారుల రంజన లిపి రోజువారీ వాడుక తప్పాక కూడా రాతగాళ్ల కలాల వల్లే కళ్లముందుంది. మన అక్షరానికి అంత కష్టం రాలేదు కానీ, అచ్చులో వైవిధ్యం తక్కువే. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంటుగా మారడానికి కారణం, ఆ వంపు అప్పటికి ఉన్న అచ్చుల్లో దొరక్కపోవడమే.