పిడికెడు బియ్యం నుంచి పొదుపు పుస్తకం దాకా
(మన ఇంటి లెక్కల చరిత్ర)



మన వార్షిక నివేదికలో ప్రతి యేడూ ఎంత పొదుపు చేశాం, ఎంత రుణం తీసుకున్నాం, ఎంత తిరిగి కట్టాం అని పట్టికలు వేస్తాం. ఆ అంకెలన్నీ పుట్టేది మన వంటింట్లోనే. పాలు ఎంత పోయించుకోవాల, కూరకు ఎంత, బడి ఫీజుకు ఎంత, మందులకు ఎంత అని లెక్క వేసుకుని మిగిల్చిన రూపాయే సంఘం పెట్టెలోకి వస్తుంది. కాబట్టి ఈసారి ఆ ఇంటి లెక్కల చరిత్ర రాస్తున్నాను.

చాలామంది ఆఫీసర్లు, మీటింగులకు వచ్చే పెద్దలు "సంఘాలు వచ్చాకే ఆడవాళ్ళు పొదుపు నేర్చుకున్నారు" అంటారు. ఆ మాట సరి కాదు. చాలీచాలని సంపాదనతో ఇల్లు గడపడం మన అమ్మమ్మల నాటి విద్య. సంఘాలు నేర్పింది వేరే ఉంది. అదేమిటో తెలియాలంటే వెనక్కి పోవాల.

కొలతల కాలం

మన జిల్లా వరి పండే జిల్లా. నెల్లూరు మొలగొలుకుల బియ్యం అంటే దూరాభారాల్లో కూడా పేరు. కానీ ఆ వరి నాటిన చేతులకు కూలి డబ్బుగా వచ్చేది తక్కువ, వడ్లుగా వచ్చేది ఎక్కువ. ఇంట్లో లెక్క కూడా కొలతతోనే జరిగేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పూటకు ఇన్ని సోలలు అని కొలిచి ఎసట్లో పోసేవాళ్ళు. పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. చుట్టం వస్తే, పని దొరకని వానాకాలం వస్తే ఆ పిడికెడు బియ్యమే ఆదుకునేవి.

డబ్బుల లెక్క కూడా ఆ రోజుల్లో వేరు. రూపాయికి 16 అణాలు. 1957 లో నయాపైసలు వచ్చి రూపాయికి 100 పైసలు అయింది. అయినా నాలుగు అణాలను పావలా అనే పిలిచాం, వడ్డీని "నూటికి రెండు, నూటికి మూడు" అని నెల లెక్కనే చెప్పుకున్నాం. నూటికి మూడు అంటే చిన్న మాటలాగా వినిపిస్తుంది. యేడాదికి లెక్క వేస్తే నూటికి 36 అవుతుంది. చదువు రాని ఇంట్లో ఈ లెక్క వేసేవాళ్ళు ఎవరు?

పోపుల డబ్బాలో, బియ్యం కుండ అడుగున, కొంగు ముడిలో దాచిన డబ్బు ప్రతి ఇంట్లోనూ ఉండేది. మా అమ్మమ్మ పాత చీర మడతల్లో దాచేదంట. ఆ పొదుపుకు మూడు కష్టాలు. ఒకటి, అది దొంగచాటు పొదుపు, ఇంటాయన కంటపడితే పోయినట్టే. రెండు, ఎంత దాచినా ఒక్క జబ్బుకు, ఒక్క పురుడుకు ఊడ్చిపెట్టుకు పోయేది. మూడు, అది పోయాక ఇత్తడి బిందె తాకట్టుకు పోయేది, ఆ బిందె మళ్ళీ ఇంటికి రావడం కష్టం. పొదుపు ఉంది, తెలివి ఉంది. కానీ ఆ డబ్బుమీద ఆడమనిషికి హక్కు లేదు.

రెండు రూపాయల బియ్యం, సారా ప్యాకెట్

1983 లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి మించితే 25 కిలోలు. అంటే 50 రూపాయలకు నెలలో సగానికి పైగా తిండి గడిచే ఇళ్ళు ఉండేవి. పేదింటి లెక్కలో అంత పెద్ద మార్పు అంతకుముందు రాలేదని పెద్దోళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అదే కాలంలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చింది. అంతకుముందు సారా కావాలంటే మగవాళ్ళు ఎక్కడికో పోవాల్సి వచ్చేది. ప్యాకెట్ వచ్చాక ఇంటి దగ్గరికే వచ్చింది. బియ్యంలో మిగిలింది సారాలో పోయింది. సాయంత్రం కూలి డబ్బు ఇల్లు చేరేలోపే దారిలో ఖర్చయిపోయేది. రానిదాన్ని పొదుపు చేసే ఇల్లాలు లోకంలో ఎక్కడా ఉండదు కదా.

దూబగుంట

1991 లో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుగులో ఆడవాళ్ళు పలకలు పట్టారు. ఆ చదువు పుస్తకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడుతో కాపురం కూలిపోయిన ఆడమనిషి కథ అది. చదివిన ప్రతి ఒక్కరికీ తమ ఇల్లే కనిపించింది. పాఠం అయ్యాక మాట్లాడుకోవడం మొదలైంది. రోజుకు ఎంత కూలి, ఎంత సారాకు, ఎంత ఇంటికి అని నలుగురూ కలిసి లెక్క వేసుకున్నారు. నాకు తెలిసినంతలో మన ఊళ్ళల్లో ఇంటి బడ్జెట్ నలుగురి మధ్యలో కూర్చుని బయటికి చెప్పుకున్నది అప్పుడే.

కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు. ఆ సంగతి "ఆడవాళ్ళు ఏకమైతే" అని పాఠంగా తరువాతి పుస్తకంలోకి ఎక్కింది. అది చదివి ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. 1992 లో సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అదే యేడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997 లో దాన్ని సడలించారు. నిషేధం నిలవలేదు గానీ, ఆ ఉద్యమంలో కలిసి కూర్చోవడం అలవాటు అయింది, అది నిలిచింది.

రోజుకు ఒక రూపాయి

సారా అంగళ్ళు మూతపడ్డాక ఇంటికి చేరిన డబ్బు ఏం కావాల అనే ప్రశ్న వచ్చింది. దానికి జవాబే పొదుపు లక్ష్మి. రోజుకు ఒక రూపాయి, నెలకు 30 రూపాయలు. 15 మంది ఉన్న సంఘంలో నెలకు 450 రూపాయలు, యేడాదికి 5,400 రూపాయలు. ఒక్క ఇంట్లో 30 రూపాయలు పెద్ద లెక్క కాదు. కానీ 450 రూపాయలు ఒకచోట ఉంటే ఒకామె పురుడు ఖర్చు గడుస్తుంది, ఇంకొకామె బిందె తాకట్టు విడుస్తుంది.

డ్వాక్రా పథకం అంతకుముందే 1982 లో మొదలైంది. కానీ అది ముందు ప్రభుత్వ డబ్బు ఇచ్చి, తరువాత సంఘం నడపమన్న పథకం. పొదుపు లక్ష్మిలో ముందు మన డబ్బు, తరువాతే బ్యాంకు డబ్బు. 1992 లో నాబార్డు దేశం మొత్తంమీద 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని ప్రయోగంగా మొదలుపెట్టింది. తాకట్టు ఏమీ లేకుండా, సంఘం పుస్తకం చూసి బ్యాంకు అప్పు ఇవ్వడం అప్పటిదాకా వినని మాట.

ఇక్కడే అసలు మార్పు ఉంది. పిడికెడు బియ్యానికి సాక్షి లేదు. పొదుపు పుస్తకానికి 15 మంది సాక్షులు. చీర మడతలో డబ్బు అడిగి తీసుకోవడానికి ఇంటాయనకు ఒక్క అరుపు చాలు. "అది సంఘం డబ్బు, నా ఒక్కదానిది కాదు" అని చెప్పే మాట మా అమ్మ తరానికి దొరికింది. మా అమ్మకు సంతకం తప్ప చదువు రాదు. అయినా ఆ పుస్తకంలో తన పేజీ ఎక్కడుందో, ఎంత ఉందో ఎవరినీ అడగకుండా చూపించేది.

వెలుగు, బియ్యం, పావలా వడ్డీ

1995 లో ఐక్యరాజ్య సమితి సహాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను గ్రామ స్థాయిలో, మండల స్థాయిలో కలిపే పని మొదలైంది. అదే యేడు పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మన సమాఖ్యలు రిజిస్టరు అయింది ఈ చట్టం కిందే. 2000 లో వెలుగు ప్రాజెక్టు ఆరు జిల్లాల్లో మొదలై తరువాత రాష్ట్రమంతా పాకింది.

వెలుగు రోజుల్లో మన ఇంటి లెక్కకు పనికొచ్చినవి రెండు చెబుతాను. ఒకటి బియ్యం. కూలి రోజుకు రోజు వస్తుంది, చౌక దుకాణంలో మాత్రం నెల బియ్యానికి ఒక్కసారే డబ్బు కట్టాల. చేతిలో లేకపోతే ఆ నెల కోటా పోయినట్టే. ఆ తరువాత అంగట్లో ఎక్కువ ధరకు తెచ్చుకోవాల. గ్రామ సంఘాలు ముందు డబ్బు కట్టి బియ్యం ఎత్తి, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాల్లో రాబట్టుకున్నాయి. పేదరికం అంటే డబ్బు తక్కువ కావడమే కాదు, కావాల్సిన రోజున చేతిలో లేకపోవడం కూడా అని ఈ పని చూపించింది.

రెండోది పావలా వడ్డీ, 2004 లో వచ్చింది. 10,000 రూపాయల అప్పు మీద నూటికి మూడు లెక్కన వడ్డీ వ్యాపారికి నెలకు 300 రూపాయలు. బ్యాంకులో నూటికి రూపాయి లెక్కన 100 రూపాయలు. పావలా వడ్డీ అయితే 25 రూపాయలు. ముందు మనం పూర్తి వడ్డీ కడితే పావలాకు మించింది ప్రభుత్వం తిరిగి వేసేది. అప్పు సక్రమంగా కట్టిన వాళ్ళకే అది వర్తించేది. ఒక ఇంట్లో నెలకు 275 రూపాయలు మిగిలితే పిల్లల పుస్తకాలు, ఒక పూట పాలు వస్తాయి. పావలా బిళ్ళ 2011 లో చెల్లకుండా పోయింది, మన సంఘాల్లో ఆ మాట మాత్రం ఇంకా చెల్లుతోంది.

2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆడ, మగ ఇద్దరికీ ఒకే రేటు. కూలి ఖాతాలో పడేది. వేసవిలో పనిలేని నెలలకు ఇంటి లెక్కలో ఒక వరుస కొత్తగా చేరింది.

వారం అప్పులు

చరిత్రలో మంచే రాస్తే అది చరిత్ర కాదు. ఆ రోజుల్లోనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళల్లోకి వచ్చాయి. అడిగిన రోజే అప్పు, వారం వారం కిస్తీ. మా వీధిలో ఒకామె నాలుగు చోట్ల తీసుకుంది. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు. ఆమె దుబారా మనిషి కాదు. కూలి వచ్చే రోజు ఒకటి, కిస్తీ కట్టే రోజు ఒకటి, ఆ రెండూ కలవలేదు, అంతే. వసూలుకు వచ్చినవాళ్ళు ఇంటిముందు కూర్చుంటే ఆమె పరువుకోసం తాళిబొట్టు తాకట్టు పెట్టింది.

రాష్ట్రంలో చాలా చోట్ల ఆత్మహత్యల దాకా పోయింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు చేయించుకోవాల, వారం కాకుండా నెలకే కిస్తీ తీసుకోవాల, ఇంటి మీదికి పోయి వసూలు చేయకూడదు అని కట్టడి చేసింది. 2011 లో స్త్రీనిధి వచ్చింది. అత్యవసరానికి మన సమాఖ్యల ద్వారానే తొందరగా అప్పు అందాలన్నది దాని ఉద్దేశం.

ఈ చరిత్ర మనకు ఎందుకు

ఇప్పుడు బియ్యం ఉచితం. బ్యాంకు అప్పు లక్షల్లో వస్తోంది. మరి ఇంటి లెక్క తేలికైందా అంటే కాలేదు. పిడికెడు బియ్యం రోజుల్లో లేని ఖర్చులు వచ్చాయి. ప్రైవేటు బడి, ఆసుపత్రి, సెల్ రీఛార్జి, గ్యాసు, బండికి పెట్రోలు. దానికితోడు సెల్‌ఫోన్‌లో అప్పు ఇచ్చే యాప్‌లు. వీటికి సంఘం తెలియదు, సాక్షులు లేరు. చీర మడతలో డబ్బులాగే అది మళ్ళీ దొంగచాటు అప్పు అయింది. ఇంట్లో ఎవరు తీసుకున్నారో వసూలు ఫోను వచ్చేదాకా తెలియడం లేదు.

ఇల్లు గడవకపోతే "ఆడదానికి పొదుపు తెలియదు" అని నింద వేయడం తేలిక. ఈ చరిత్ర ఆ నిందకు జవాబు చెబుతుంది. పొదుపు ఎప్పుడూ ఉంది. అది సారా దగ్గర, వడ్డీ దగ్గర, కిస్తీ తేదీ దగ్గర కారిపోయింది. ఆ కారే చోటును నలుగురం కలిసి కనిపెట్టి మూసిన ప్రతిసారీ ఇల్లు నిలబడింది. ఒక్కరే గుట్టుగా మోసినప్పుడు ఇల్లు కుంగింది.

సూక్ష్మ రుణ ప్రణాళికలో ప్రతి కుటుంబం ఆదాయం, ఖర్చు, పాత అప్పులు రాసే పేజీ ఒకటి ఉంది. కొన్ని చోట్ల అది అప్పు రావడానికి నింపే కాగితంగా మారిపోయింది. ఆ పేజీ దూబగుంట నాటి రాత్రిబడిలో వేసుకున్న లెక్కకు వారసురాలు అని నేను అనుకుంటాను. వచ్చే యేడాది నుంచి మూడు నెలలకు ఒకసారి సంఘం సమావేశంలో ఆ పేజీ తెరిచి, ఫోను అప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు రాసుకుందామని నా మనవి. బయటికి పొక్కకూడని సంగతులు సంఘంలోనే ఉంటాయని ముందుగా తీర్మానం చేసుకుందాం. చదువు రాని అక్కకు పక్కనున్న చెల్లెలు రాసిపెట్టాల. లెక్క తేలిన తరువాతే ఎంత అప్పు కావాలో అడుగుదాం.